ఫారం నింపేది మా మాస్టారు: వెబ్‌సైటు సాఫ్ట్‌వేర్‌ని ఆయనకు వీలుగా మార్చేదెలా?

విభాగం: పాత కాగితాలు, ఫొటోలు, ఆన్‌లైన్ సేకరణలు

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా ఊళ్ళో పాత తెలుగు గ్రంథాలయం ఒకటి ఉంది. పుస్తకాల సంగతి అలా ఉంచితే, మూడు బీరువాల నిండా ఫొటోలు, నాటకాల కరపత్రాలు, జమీందారీ నాటి రసీదులు, పెళ్ళి శుభలేఖలు, ఒక మూట తాటాకులు ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట ఒక కంపెనీకి డబ్బు కట్టి వెబ్‌సైటు చేయించుకున్నాం. రెండేళ్ళు నడిచింది. తర్వాత వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు, సైటు పోయింది. స్కాన్లు మా హార్డ్ డిస్కులో ఉన్నాయి గానీ, ఒక్కో ఫొటో కింద రాయించిన వివరాలన్నీ ఆ సైటుతోనే పోయాయి. ఆ వివరాలు చెప్పిన పెద్దవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు.

ఈసారి ఎవరి మీదా ఆధారపడకూడదని, సేకరణల్ని సైటుగా చూపించే ఓమెకా ఎస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. తెలియనివాళ్ళకు రెండు ముక్కలు: అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలోని రాయ్ రోజెన్‌జ్వైగ్ సెంటర్ వాళ్ళు మ్యూజియాలు, లైబ్రరీల కోసమే 2008లో ఓమెకా తెచ్చారు. ఓమెకా ఎస్ 2017లో వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, మన సర్వర్లో మనమే పెట్టుకోవచ్చు. ఆ పేరు స్వాహిలీ మాట. సరుకు పరిచి చూపించడం అని అర్థం. సంతలో దుప్పటి మీద సామాను పరిచినట్టు. నాకు ఆ పేరే నచ్చింది.

ఫారం నేనే తయారు చేశాను, లేబుళ్ళన్నీ నేనే తెలుగు చేశాను. నిన్న మాస్టారిని కూర్చోబెట్టాను. ఆయనకు 71 ఏళ్ళు. హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు, గ్రంథాలయం తాళాలు ఎన్నో ఏళ్ళుగా ఆయన దగ్గరే ఉంటాయి. చేతికి ఒక ఫొటో ఇచ్చాను. చిన్న రైలింజను, ముందు తలపాగాలతో నలుగురు. వెనక నీలం సిరాతో ‘నౌపడ బండి, ధాత సం. పుష్యం’ అని ఉంది.

మొదటి గడిలో ‘రైలు ఫొటో’ అని కొట్టారు. రెండో గడి ‘సృష్టికర్త’. అక్కడ ఆగిపోయారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ‘సృష్టికర్త అంటే భగవంతుడు కదా బాబూ, ఇక్కడ ఏం రాయమంటావు?’ అన్నారు. తర్వాతది ‘పరిధి’. పక్కనున్న స్కేలు తీసి ఫొటో కొలిచి ‘6 అంగుళాలు, 4 అంగుళాలు’ అని రాశారు. ‘మూలం’ దగ్గర ఫొటో ఇచ్చిన ఇంటివాళ్ళ పేరు రాశారు. తేదీ గడి అంకెలు తప్ప తీసుకోదు. ఆయన ‘ధాత’ అని కొడుతున్నారు, గడిలో ఏమీ పడడం లేదు. కీబోర్డు పాడైందేమో అని వేరే గడిలో కొట్టి చూసుకున్నారు. చివరికి తేదీ వదిలేశారు. ఫొటో ఎక్కించే చోటు పక్క ట్యాబ్‌లో ఉందని నేను చెప్పలేదు, కాబట్టి ఫొటో లేకుండానే సేవ్ అయింది. ఒక్క ఫొటోకి 40 నిమిషాలు.

లేచేటప్పుడు ఏమన్నారంటే, ‘నేను నోటుబుక్కులో రాసి ఇస్తాను, నువ్వు తీరిగ్గా ఎక్కించు.’ నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నేను బరంపురంలో ఉద్యోగం చేస్తూ నెలకు రెండుసార్లు వస్తాను. ఎక్కించేది నేనొక్కణ్ణే అయితే మూడు బీరువాలు ఎప్పటికి తేలేను? పైగా ఫొటో చూసి ‘ఇది ఫలానా వీధి’ అని చెప్పగలిగింది ఆయన ఒక్కరే.

ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

బరంపురం మగ్గం (బరంపురం, గంజాం జిల్లా)
ఆదివారం, రాత్రి 11:05

గట్టు గారూ, మీ మాస్టారు ఎక్కడా తప్పు చేయలేదండీ. ఆయన రాసిన ప్రతి జవాబూ ఆ లేబుల్‌కి సరైన జవాబే. లేబులే తప్పు ప్రశ్న అడిగింది.

నేను వెబ్ డిజైన్ పని చేస్తాను. మా తాతగారిది దేరవాళ్ళ మగ్గం, అందుకని ఇక్కడి నేతవాళ్ళ పాత పట్టు నమూనాలు ఇదే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. సరిగ్గా ఈ గడుల దగ్గరే నాకూ తలనొప్పి వచ్చింది.

ఆ గడులు డబ్లిన్ కోర్ అనే పద్ధతివి, అంటే వస్తువుల వివరాలు అందరూ ఒకేలా రాయడానికి పెట్టుకున్న ప్రమాణం. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డబ్లిన్ అనే ఊళ్ళో కూర్చుని లైబ్రరీవాళ్ళూ కంప్యూటర్‌వాళ్ళూ మొదలుపెట్టారు. అసలువి 15 గడులు. ‘కవరేజ్’ అనే గడి చోటుకీ కాలానికీ రెండింటికీ కలిపి పెట్టింది. మీరు దాన్ని పరిధి అన్నారు. ఆ మాట చూస్తే ఎవరైనా స్కేలే తీస్తారు. ఆ గడిని వదిలేయండి. విస్తరించిన డబ్లిన్ కోర్‌లో చోటుకి ‘స్పేషియల్ కవరేజ్’, కాలానికి ‘టెంపోరల్ కవరేజ్’ అని విడివిడిగా ఉన్నాయి, వాటిని తీసుకోండి.

‘మూలం’ ఇంకా ప్రమాదం. డబ్లిన్ కోర్‌లో ‘సోర్స్’ అంటే ఈ వస్తువు వేరే దేని నుంచి తయారైందో అది. ఉదాహరణకి, ఒక పుస్తకంలోంచి తీసిన బొమ్మ అయితే ఆ పుస్తకం. ఇచ్చినవాళ్ళ పేరు దానికి చెందదు. ఆ వస్తువు ఎవరి దగ్గర ఉండి ఎవరి చేతికి వచ్చిందో రాయడానికి ‘ప్రొవెనెన్స్’ అని వేరే గడి ఉంది.

ఇప్పుడు అసలు ఉపాయం. ఓమెకా ఎస్‌లో ‘రిసోర్స్ టెంప్లేట్’ అని ఉంటుంది. అందులో ఏ గడులు కనపడాలో మీరే ఎంచుకోవచ్చు, ఒక్కో గడికి మీ సొంత లేబుల్ పెట్టుకోవచ్చు, కింద చిన్న వివరణ కూడా రాయొచ్చు. నేను లేబుళ్ళన్నీ ప్రశ్నలుగా మార్చాను. ‘ఫొటో ఎవరు తీశారు?’, ‘ఇది ఏ ఊరు, ఏ వీధి?’, ‘ఎవరింట్లో ఉండేది, ఎవరు ఇచ్చారు?’ మా పిన్ని ఏడో తరగతి వరకే చదువుకుంది. ఆ ప్రశ్నలు పెట్టాక ఎవరి సాయం లేకుండా 30 చీరల వివరాలు ఎక్కించింది.

గడులు ఆరో ఏడో చాలు. యూజర్ సెట్టింగుల్లో ఆ టెంప్లేటే డిఫాల్ట్‌గా పెట్టేస్తే మాస్టారు ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

వంశధార ఒడ్డు (కాశీనగర్, గజపతి జిల్లా)
సోమవారం, ఉదయం 6:50

ఒక సందేహం. అందరూ ఎవరికి నచ్చిన పేర్లు వాళ్ళు పెట్టుకుంటూ పోతే రేపు పెద్ద లైబ్రరీలతో కలపాల్సి వచ్చినప్పుడు ఎలా? నేను కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. ప్రమాణం అన్నది ఊరికే పెట్టలేదు కదండీ. ఇష్టం వచ్చినట్టు మార్చేస్తే పదేళ్ళ తర్వాత ఎవరికీ పనికిరాకుండా పోతుంది.

బరంపురం మగ్గం
సోమవారం, ఉదయం 8:15

మంచి ప్రశ్నండీ. మారేది పైకి కనపడే మాట ఒక్కటే. ‘ఫొటో ఎవరు తీశారు?’ అన్న లేబుల్ కింద డేటాబేస్‌లో ఉండేది డబ్లిన్ కోర్ ‘క్రియేటరే’. వేరే సైటుకి డేటా పంపినప్పుడు క్రియేటర్‌గానే వెళ్తుంది. ఇంటి ముందు తలుపుకి మనకు నచ్చిన రంగు వేసుకున్నా ఇంటి నంబరు మారదు కదా, అలాగన్నమాట. ఫొటోకి ఒక టెంప్లేటు, రసీదుకి ఒకటి, తాటాకుకి ఒకటి పెట్టుకోవచ్చు. తాటాకు దగ్గర అదే గడికి ‘ఎవరు రాశారు?’ అని ఉంటుంది.

ధర్మాబాద్ మిర్చి (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)
సోమవారం, మధ్యాహ్నం 1:30

నమస్తే. నాకు ఆ తేదీ సంగతి చదివి మనసు కలుక్కుమన్నది. ఆ ఫొటో వెనక ఒకాయన పద్ధతిగా తేదీ రాసిపెట్టాడు. అది పడడానికి మన గడిలోనే చోటు లేదు.

ముందు మీ ఫొటో సంగతి చూద్దాం. ధాత అరవై ఏళ్ళకు ఒకసారి వస్తుంది. 1876, 1936, 1996. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది, కాబట్టి 1876 కాదు. 1996 అయితే ఆ తలపాగాలు, ఆ కాగితం చూసి మీకే తెలిసిపోయేది. ధాత 1936 ఉగాదికి మొదలైంది, పుష్యం వచ్చేది ఆ ఏడు చివర్లో. అంటే మీ ఫొటో 1937 మొదట్లోది. మీ మాస్టారు వదిలేసిన గడిలోనే ఇంత సమాచారం ఉన్నది.

మా దగ్గర ఇంకో రకం చిక్కు. ఈ తాలూకా నిజాం రాజ్యంలో ఉండేది, 1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీసినప్పుడు ఇటు కలిసింది. కాగితాల మీద ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరాలు, ఆజూర్, దై, బహమన్ అని నెలలు. మీ వైపు జమీందారీ రసీదుల మీద కూడా ఫసలీ ఉంటుంది. కానీ అది మద్రాసు వాళ్ళ ఫసలీ, జూలై 1న మొదలవుతుంది. దానికి 590 కలిపితే మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా. రెండు ఫసలీలూ ఒకటే అనుకుని కలిపేస్తే కొన్ని నెలల తేడా వస్తుంది.

మీ వైపు తాటాకుల మీద ఒడియా అంక సంవత్సరాలు కూడా ఉంటాయి, జాగ్రత్త. అది రాజుగారి పాలన లెక్క. 1 ఉండదు, 2తో మొదలవుతుంది. 6తో అంతమయ్యేవి, 10 తప్ప సున్నాతో అంతమయ్యేవి వదిలేస్తారు. 15 తర్వాత 17, 19 తర్వాత 21. కాబట్టి తాటాకు మీద 21 అంక అని ఉంటే రాజుగారి పాలన 21వ ఏడు అనుకోకూడదు.

ఇవన్నీ కంప్యూటర్ కోసం మాస్టారే మార్చి రాయాలంటే ఎట్లా? అందుకని రెండు గడులు పెట్టండి. ఒకటి మామూలు అక్షరాల గడి: ‘కాగితం మీద తేదీ ఎట్లా రాసి ఉంటే అట్లాగే రాయండి.’ ఇది మాస్టారిది. రెండోది అంకెల గడి: ‘ఇంగ్లీషు సంవత్సరం, తెలిస్తేనే.’ ఇది ఖాళీగా ఉన్నా ఫారం ఆగకూడదు. తర్వాత లెక్క తెలిసినవాళ్ళు నింపుతారు. న్యూమరిక్ డేటా టైప్స్ అనే మాడ్యూల్‌లో (ఓమెకాకు అదనంగా తగిలించుకునే ముక్కను మాడ్యూల్ అంటారు) ‘ఇంటర్వల్’ అని ఉంటుంది, ‘1936 నుంచి 1937 దాకా’ అని ఇవ్వొచ్చు.

మహేంద్రతనయ గట్టు
సోమవారం, రాత్రి 9:10

ధర్మాబాద్ గారూ, మీ పోస్టు మాస్టారికి ఫోన్లో చదివి వినిపించాను. రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ నలుగురిలో ఎడమ చివర ఉన్నాయన మా నాన్నగారి స్నేహితుడు. 37లో అంటే సరిపోతుంది’ అన్నారు. ఈ ముక్క ఇంతవరకు ఎక్కడా రాసి లేదు. రెండు గడుల పద్ధతి రేపే పెడతాను.

గుణుపురం కొండ (గుణుపురం, రాయగడ జిల్లా)
మంగళవారం, రాత్రి 8:20

నేను సవర వాణ్ణి, బళ్ళో టీచర్ని. తెలుగు, ఒడియా, సవర మూడూ మా ఇంట్లో నడుస్తాయి. మీ చర్చలో రాని రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది లిపి. మా సొరంగ్ సొంపెంగ్ లిపిని 1936లో మంగెయి గొమాంగో తయారు చేశారు. 2012లో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే అక్షరాల పట్టికలోకి వచ్చింది. ఈ అక్షరాలకు డేటాబేస్‌లో నాలుగు బైట్లు కావాలి. తెలుగుకీ ఒడియాకీ మూడు చాలు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో పాతకాలం ‘యూటీఎఫ్8’ అని పెట్టిన టేబుల్ మూడు బైట్ల దాకానే తీసుకుంటుంది. అందులో మా అక్షరం కొడితే ఎర్రర్ వస్తుంది, లేదా ఆ అక్షరం నుంచి మిగతా వాక్యమంతా తెగిపోతుంది. ‘యూటీఎఫ్8ఎంబీ4’ అని ఉండాలి. ఒక చోట మా పిల్లలు కష్టపడి కొట్టిన పాట మొత్తం ఇలాగే పోయింది. సేవ్ అయింది అన్నారు, తెరిచి చూస్తే మొదటి అక్షరం ముందు ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ పెట్టేవాళ్ళు మొదటి రోజే సవర అక్షరం ఒకటి కొట్టి, సేవ్ చేసి, మళ్ళీ తెరిచి చూడాలి. రెండు నిమిషాల పని.

రెండోది ఎక్కువ ముఖ్యం. మా గోడల మీద వేసే ఇడితల్ బొమ్మలు అలంకారానికి వేసేవి కావు. పెద్దల కోసం, దేవతల కోసం, పూజారి చెప్పినట్టు వేస్తాం. వాటిలో కొన్ని ఊరి బయటివాళ్ళకు చూపించవచ్చు, కొన్ని చూపించకూడదు. ఫొటో తీసినవాళ్ళు ఎక్కించగానే లోకమంతటికీ కనిపిస్తే, తర్వాత తీసేసినా లాభం లేదు. ఓమెకా ఎస్‌లో కొత్తవన్నీ మొదట ప్రైవేటుగా ఉండేలా సెట్టింగు ఉంది. అది ఆన్ చేయండి. చూపించవచ్చని ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు చెప్పాకే పబ్లిక్ చేయాలి.

ఈ సంగతి కోసమే తయారైన సాఫ్ట్‌వేర్ ఉంది, ముకుర్తు అంటారు. ఆస్ట్రేలియాలో టెనెంట్ క్రీక్ దగ్గర వారుముంగు ఆదివాసులతో కలిసి మొదలుపెట్టారు. ఎవరు ఏది చూడొచ్చో ఆ సమాజమే నిర్ణయించేలా కట్టారు. ద్రూపల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కాబట్టి పెట్టడం కొంచెం కష్టం. కానీ వాళ్ళ ఆలోచన మనం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెచ్చుకోవచ్చు. నేనైతే ఫారంలో ఒక గడి తప్పనిసరి చేస్తాను: ‘దీన్ని అందరికీ చూపించవచ్చని ఎవరు చెప్పారు?’ ఆ గడి నిండకపోతే సేవ్ కాకూడదు.

మహేంద్రతనయ గట్టు
మంగళవారం, రాత్రి 9:00

కొండ గారూ, మా బీరువాలో సవర ఊళ్ళ ఫొటోలు ఒక కవరు నిండా ఉన్నాయి. అవి ఎక్కించే ముందు మీకు చూపిస్తాను. అప్పటిదాకా ఆ కవరు తెరవం.

సిరొంచ రేవు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
బుధవారం, సాయంత్రం 6:45

అన్నా, మీ దగ్గర నెట్ ఎట్లా ఉన్నదో గానీ, మా దగ్గర వాన పడితే పోతుంది. ప్రాణహిత అవతల టవర్ సిగ్నల్ పట్టుకుని పని చేసుకునే రోజులున్నాయి. మాదొక బడి మ్యూజియం. పిల్లలు తెచ్చిన పాత సామాను, వడధం వైపు దొరికే రాయి అయిపోయిన చెట్ల గురించి పిల్లలు వేసిన బొమ్మలు, గోదావరి పుష్కరాల ఫొటోలు. నాకు తెలిసిన రెండు ముక్కలు చెప్తాను.

ఫొటో ఎక్కించేటప్పుడు సగం దూరం పోయి ఆగిపోతుందా? చాలాసార్లు నెట్ తప్పు కాదు. సర్వర్లో పీహెచ్‌పీ (ఓమెకా నడిచే ప్రోగ్రామింగ్ భాష) మొదట వచ్చేటప్పుడు ఒక ఫైలుకి 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ అని హద్దు ఉంటుంది. స్కానర్ నుంచి వచ్చిన ఫైలు 40 ఎంబీ దాటుతుంది. అది ఎక్కదు, ఎందుకు ఎక్కలేదో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పరు. నేను వారం రోజులు నెట్ కంపెనీని తిట్టుకున్నాను. హోస్టింగ్‌వాళ్ళకు ఆ రెండు హద్దులు పెంచమని చెప్పండి. ఫారం మీదనే ‘ఫొటో 5 ఎంబీ లోపు జేపెగ్ పెట్టండి, పెద్ద స్కాన్ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి’ అని రాయండి. పెద్ద టిఫ్ ఫైళ్ళు హార్డ్ డిస్కులో భద్రంగా ఉండాలి, రెండు కాపీలు, వేర్వేరు ఇళ్ళల్లో.

రెండో ముక్క. మా పిల్లలకు ఎక్సెల్ వచ్చు. నేను ఫారం తెరవనే తెరవను. షీట్లో వరసకు ఒక వస్తువు, ఆఫ్‌లైన్లో నింపుతారు. నెట్ వచ్చిన రోజు దాన్ని సీఎస్‌వీగా (షీట్‌ని మామూలు అక్షరాల ఫైలుగా దాచే పద్ధతి) సేవ్ చేసి, సీఎస్‌వీ ఇంపోర్ట్ మాడ్యూల్‌తో ఒకేసారి ఎక్కిస్తాను. తప్పు జరిగితే ఆ ఇంపోర్టు మొత్తాన్ని అన్‌డూ చేసే వీలుంది. ఒక్కటే జాగ్రత్త: షీట్‌ని సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని ఎంచుకోవాలి. లేకపోతే తెలుగు అంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది. ఒకసారి 200 వరసలు అలాగే ఎక్కించి, అన్‌డూ కొట్టి, మళ్ళీ మొదలుపెట్టాను.

ధర్మాబాద్ మిర్చి
బుధవారం, రాత్రి 7:30

షీట్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. అసలు డేటాబేస్ ఎందుకు? ఐడహో యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళ కలెక్షన్‌బిల్డర్ ఉన్నది. ఒక షీటు, ఒక ఫోల్డరు ఫొటోలు ఇస్తే మామూలు పేజీల సైటు తయారవుతుంది. సర్వర్ ఖర్చు లేదు, గిట్‌హబ్ అనే సైటులో ఉచితంగా నడుస్తుంది. పాడైపోవడానికి అందులో డేటాబేసే లేదు. ఒక కంపెనీ పోతే సైటు పోయిందన్న బాధ మీకు ఉన్నది కదా, ఇందులో షీటు మీ చేతిలోనే ఉంటుంది.

మహేంద్రతనయ గట్టు
బుధవారం, రాత్రి 10:20

ఆలోచించానండీ. మీరు చెప్పింది నిజమే, చిన్న సేకరణకు అదే నయం. కానీ మాస్టారు ఒక పేరు తప్పు చూసి దిద్దాలంటే షీటు మార్చి, మళ్ళీ నేనే సైటు తయారు చేయాలి. అప్పుడు తాళం మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఆయన దిద్దిన వెంటనే సైటు మీద కనపడాలి. అది చూసినప్పుడు మనిషికి తాను చేసిన పని మీద నమ్మకం వస్తుంది. అందుకని ఓమెకాలోనే ఉంటాను. నెలకోసారి మొత్తం డేటా షీట్లోకి దించి మాస్టారి ఇంట్లో ఒక కాపీ పెడతాను.

వంశధార ఒడ్డు
గురువారం, ఉదయం 7:05

మొదట ప్రమాణం అని వాదించింది నేనే. మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సృష్టికర్త, పరిధి, మూలం. ఈ మాటలు ఎక్కడివి? నిఘంటువులోంచి ఏరి తెచ్చినవి. మన గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే పర్లాకిమిడిలో బడి పంతులుగా పనిచేస్తూ, పిల్లలకు అర్థం కాని భాషలో పాఠాలు ఎందుకని అడిగారు. సవరల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. మీ ఫొటో మీద ధాత ఉందే, ఆ ధాతలోనే. ఆయన నడిచిన వీధుల్లో ఒక 71 ఏళ్ళ మాస్టారికి సొంత భాషలో రాసిన ఫారం అర్థం కాలేదంటే నాకు చాలా బాధగా ఉంది. లేబుళ్ళు వాడుక మాటల్లోనే ఉండాలి. మాస్టారు ఏ మాట అంటారో అదే పెట్టండి.

వెతుకులాట గురించి కూడా ఒక మాట. ‘పర్లాకిమిడి’ అని వెతికితే ‘పర్లాకిమిడిలో’ అని రాసి ఉన్నది దొరక్కపోవచ్చు. కంప్యూటర్ మాటను అక్షరాలా పోల్చుకుంటుంది, మన విభక్తులు దానికి తెలియవు. అందుకని ఊరి పేరు, మనిషి పేరు విడి గడిలో విభక్తి లేకుండా ఒకసారి రాయాలి. పర్లాకిమిడి, పర్లాఖెముండి, పారలాఖెముండి మూడూ రాయండి. ఒడియా చదివేవాళ్ళ కోసం ఒడియా లిపిలోనూ ఒకసారి. ఒక్కో జవాబుకి అది ఏ భాషో గుర్తు పెట్టే వీలు ఓమెకా ఎస్‌లో ఉంది.

బరంపురం మగ్గం
గురువారం, మధ్యాహ్నం 12:40

వంశధార గారూ, మీ పోస్టు ప్రింటు తీసి మా ఆఫీసు గోడకు అంటించాను.

చూసేవాళ్ళ వైపు నుంచి నాలుగు మాటలు. చాలా థీముల్లో (సైటు పైరూపాన్ని నిర్ణయించేవి) లైను ఎత్తు ఇంగ్లీషు అక్షరాల లెక్కన ఉంటుంది. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి. ‘రాష్ట్ర’ అనే మాట శీర్షికలో పెట్టి చూడండి, కింద ర వత్తు తెగిపోతుంటే లైను ఎత్తు 1.6 దాకా పెంచండి. ఫాంటు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ చదవడానికి బాగుంటుంది. గిడుగు పేరుతోనే గూగుల్ ఫాంట్స్‌లో ఒక తెలుగు ఫాంటు ఉంది, అది శీర్షికలకు పెట్టుకోండి, మీ ఊరికి తగినట్టు ఉంటుంది.

లేత బూడిద అక్షరాలు వద్దు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణం. పెద్దవాళ్ళ కళ్ళకు అది చాలా అవసరం. చూపు లేనివాళ్ళు, తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ పెట్టుకుని తెలుగులో వినగలరు. కాబట్టి ప్రతి ఫొటోకీ ఒక వాక్యం రాయండి: ‘చిన్న రైలింజను ముందు తలపాగాలతో నలుగురు నిలబడి ఉన్నారు.’ మాస్టారు ఫొటో చూసి నోటితో చెప్పే మొదటి వాక్యమే సరిపోతుంది.

ఇంకొకటి. పేజీ అడ్రసు తెలుగులో పెట్టకండి. వాట్సాప్‌లో పంపినప్పుడు ఒక్కో తెలుగు అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ తొమ్మిదేసి ఇంగ్లీషు గుర్తులుగా మారిపోయే అవకాశం ఉంది. అంత పొడుగు లింకు చూసి జనం వైరస్ అనుకుని నొక్కరు.

సిరొంచ రేవు
గురువారం, రాత్రి 9:15

గట్టు అన్నా, మార్చాక మాస్టారితో పాటు ఇంకో నలుగురిని కూర్చోబెట్టు. వెబ్‌సైట్లు వాడడం ఎంత తేలికో పరిశోధించే యాకబ్ నీల్సన్ అనే ఆయన 2000లో లెక్కగట్టి చెప్పాడు, ఐదుగురితో పరీక్షిస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని. ఒక్క షరతు: నువ్వు మాట్లాడకూడదు, మౌస్ ముట్టుకోకూడదు. వాళ్ళు చేస్తూ మనసులో అనుకునేది పైకి అనమని చెప్పు, నువ్వు రాసుకో.

మహేంద్రతనయ గట్టు
ఆదివారం, రాత్రి 8:30

ఇవాళ ఐదుగురితో చూశాను. మాస్టారు, కాలేజీ అమ్మాయి ఒకరు, కొమ్ము బొమ్మలు చెక్కే ఆయన, పక్కింటి గృహిణి, మా మేనల్లుడు. నేను చేతులు కట్టుకుని వెనక స్టూలు మీద కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడమే అన్నిటికంటే కష్టమైంది.

గడులు ఏడు మిగిల్చాను, అన్నీ ప్రశ్నలే. మాస్టారికి మళ్ళీ అదే నౌపడ బండి ఫొటో ఇచ్చాను. ‘ఫొటోలో ఏం కనిపిస్తోంది?’ అన్న గడి చదివి, ఎవరో ఎదురుగా అడిగినట్టు, పైకి చెప్తూ కొట్టడం మొదలుపెట్టారు. ‘కాగితం మీద తేదీ’ గడిలో ‘ధాత సం. పుష్యం’ పడింది. పడ్డాక ఒకసారి తల తిప్పి నా వైపు చూశారు. ‘ఎవరెవరు ఉన్నారు?’ దగ్గర ఎడమ నుంచి మొదటి ఆయన పేరు రాసి, మిగతా ముగ్గురి దగ్గర ‘తెలియదు, అడగాలి’ అని రాశారు. 11 నిమిషాల్లో సేవ్ అయింది, ఫొటోతో సహా. ఏడో గడి కిందే ‘ఇప్పుడు పైన మీడియా అని ఉన్నచోట నొక్కి ఫొటో పెట్టండి’ అని రాసిపెట్టాను, అది పనిచేసింది.

దొరికిన లోపాలు కూడా రాస్తాను. కొమ్ము పని ఆయన ‘ఎవరు తీశారు?’ దగ్గర ఆగారు. ఆయన చేతిలో ఉన్నది ఫొటో కాదు, వాళ్ళ తాత చెక్కిన కొంగ. వస్తువులకు వేరే టెంప్లేటు ఉండాలని బరంపురం గారు చెప్పారు, నేనే బద్ధకించాను. కాలేజీ అమ్మాయి మాట్లాడితే టైప్ అయ్యే కీబోర్డు వాడింది, చకచకా అయిపోయింది గానీ ‘కిమిడి’ ప్రతిసారీ ‘కిమిడీ’ అని పడింది. ఊళ్ళ పేర్లకు డ్రాప్‌డౌన్ పెట్టాలి, కస్టమ్ వొకాబ్ మాడ్యూల్‌తో అవుతుందట. పక్కింటావిడ ‘చూపించవచ్చని ఎవరు చెప్పారు?’ అన్న గడి చూసి లేచి వెళ్ళి వాళ్ళ అత్తగారిని అడిగి వచ్చింది. వాళ్ళ అత్తగారు ఒక ఫొటోకి సరేనన్నారు, ఇంకొకదానికి వద్దన్నారు. కొండ గారూ, ఆ గడి మీరు చెప్పకపోతే ఆ రెండోది ఈపాటికి సైటు మీద ఉండేది.

సవర అక్షరం కూడా కొట్టి చూశాను. సేవ్ చేసి తెరిస్తే అలాగే ఉంది.

మాస్టారు ఒక్క మార్పు అడిగారు. ‘తెలియదు, అడగాలి’ అని రాసినవన్నీ ఒకచోట కనపడాలట. ఆ జాబితా ప్రింటు తీసుకుని సాయంత్రాలు పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్తానన్నారు. దీనికి నాకు దారి తెలియలేదు. ఎలా చేయాలి?

బరంపురం మగ్గం
ఆదివారం, రాత్రి 9:05

తేలికే. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ‘ఎవరెవరు ఉన్నారు?’ గడిని ఎంచుకుని, ‘అడగాలి’ అన్న మాట ఉన్నవి చూపించమనండి. ఆ ఫలితాల పేజీ లింకును మాస్టారి కంప్యూటర్లో బుక్‌మార్క్ చేసేయండి. నొక్కినప్పుడల్లా తాజా జాబితా వస్తుంది. అందరూ ‘అడగాలి’ అని ఒకే మాట రాయాలి, అది ముఖ్యం.

గుణుపురం కొండ
ఆదివారం, రాత్రి 9:20

మీ టెంప్లేటు ఫైలు ఇస్తారా? ఎక్స్‌పోర్ట్ చేస్తే వేరే సైటులో ఇంపోర్ట్ చేసుకోవచ్చు కదా. లేబుళ్ళు సవరలోకి మార్చుకుని మా బళ్ళో పెడతాను.

మహేంద్రతనయ గట్టు
ఆదివారం, రాత్రి 9:45

జత చేశాను, తీసుకోండి. ఫొటోల టెంప్లేటు మాత్రమే, వస్తువులది వచ్చే వారం పెడతాను. మూడో గడిలో మా ఊరి వీధుల పేర్లు ఉదాహరణగా ఇచ్చాను, అవి తీసేసి మీవి పెట్టుకోండి. మాస్టారు రేపు సాయంత్రం మొదటి జాబితాతో పెదవీధికి వెళ్తున్నారు. 14 ఫొటోలు, 31 మంది పేర్లు కావాలి.